క్రీడాధర్మము: పులిజూదము మొదలు అంతర్జాల సమరము వరకు

పాత దేవాలయముల మండపములలో నేలరాళ్ళపై చెక్కిన పులిజూదపు పటములు పలుచోట్ల కానవచ్చును. ఆ పటముపై 3 పులులు, 15 మేకలు. పులి మేకమీదుగా దుమికి దానిని చంపును. మేకలు గుమికూడి, పులికి కదలుటకు దారి లేకుండ కట్టివేయును. ఈ ఆటలో దయకు చోటు లేదు. చిక్కిన మేకను విడిచిపెట్టిన పులి ఓడిపోవును. సందు ఇచ్చిన మేకలు నశించును. ఐనను దైవసన్నిధిని ఈ ఆట ఆడుకొన్న పెద్దలను ఎవరును క్రూరులని నిందింపలేదు. ఆట ముగిసిన పిమ్మట పులిపక్షమువాడును, మేకపక్షమువాడును గులకరాళ్ళు దులిపివేసి, ఒకరి భుజముపై ఒకరు చేయి వేసికొని ఇండ్లకు పోయెడివారు.

చంపుటయే నియమమైన ఆటలో పాపము అంటకపోవుటకు కారణమేమి? ఆలోచించినచో మూడు కారణములు కనబడును. మొదటిది, పులి ఏమి చేయునో మేకలవానికి ముందే తెలియును, తెలిసియే కూర్చుండినాడు. రెండవది, పోవునది గులకరాయి మాత్రమే. ఇల్లు కాదు, పొలము కాదు, మానము కాదు. మూడవది, ఆట లేచినంతనే వైరమును లేచిపోవును. ఎరిగి దిగుట, హద్దు దాటని పణము, ముగింపు గల వైరము - ఈ మూడును కలసినదే ఆటలోని ఒడంబడిక. క్రీడాధర్మము దీనిపై నిలిచియున్నది. ఒడంబడిక ఉన్నచోట కాఠిన్యము కూడ ఆటయే. అది తెగినచోట మృదువైన ఆట కూడ హింసయే.

నేటి రణరంగము

పల్నాటి సీమలో నాదెండ్ల ప్రాచీనమైన ఊరు. కొండపడమటి ప్రభువులకు నెలవైన ఆ ఊరిలోను, పొరుగున చిలకలూరిపేటలోను, నరసరావుపేటలోను, దేశమందలి మరి యే ఊరిలోనైనను, రాత్రి ప్రొద్దుపోయిన తరువాత యువకుల చేతిఫోనులలో నేడు వేరొక పులిజూదము నడచుచున్నది. పూర్వము ఎదురుగా కూర్చున్నవాని ముఖము కనబడెడిది. ఇప్పుడు ప్రత్యర్థి ఎక్కడివాడో, ఎంత వయసువాడో తెలియదు. అతడు మారుపేరుతో, తెరపై నడచు బొమ్మగా మాత్రమే కనబడును.

పబ్జీ యను ఆట ఇందులకు అందరెరిగిన ఉదాహరణము. సుమారు 100 మంది ఆటగాండ్రు ఒక దీవిపై దిగుదురు. ఆయుధములు వెదకికొందురు. క్షణక్షణమునకు సురక్షితమైన వలయము కుంచించుకొనిపోవుచుండును. తుదివరకు మిగిలినవాడే విజేత. భారత ప్రభుత్వము 2020 సెప్టెంబరు 2వ తేదీన నిషేధించిన 118 యాప్‌లలో ఇదియు ఒకటి. 2021 జూలైలో అదే తీరు ఆట బీజీఎంఐ అను పేరుతో ఈ దేశము కొరకు వచ్చినది. పేరు మారినను లెక్క మారలేదు. ఒంటరిగా ఆడునపుడు నూటికి ఒక్కడు గెలుచును, 99 మంది ఓడుదురు. అనగా ఈ ఆటలో ఓటమియే సహజము, గెలుపు అరుదు. ఆటకు దిగినవాడు ఈ లెక్కను మరచి, గెలుపు తనకు రావలసిన బాకీయని తలచునేని, ప్రతి ఓటమియు వానికి అన్యాయముగనే తోచును. ఫోను నేలకు విసరికొట్టుటయు, ఎరుగనివాని తల్లిని తిట్టుటయు ఇందుండియే పుట్టుచున్నవి. కోపమునకు మూలము ప్రత్యర్థి తుపాకి కాదు, తప్పుగా కట్టుకొన్న ఆశ.

ఒకే తిరునాళ్ళ, నలుగురు యాత్రికులు

మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్ళకు వేలకువేల జనము కదలిపోవును. ఒకడు త్రికోటేశ్వరుని దర్శనము కొరకు మెట్లెక్కును. ఒకడు ఆకాశమునంటు ప్రభలను చూచుటకు పోవును. ఒకడు చుట్టములను కలసికొనుటకు పోవును. ఒకడు జేబులు కత్తిరించుటకు పోవును. నలుగురును ఉన్నది ఒక్క తిరునాళ్ళలోనే. నలుగురి మనసులో నాలుగు తిరునాళ్ళలు.

పలువురు కలసి ఆడు కంప్యూటరు ఆటలకు ఆదిపురుషులలో ఒకడైన రిచర్డ్ బార్టిల్ ఈ సంగతినే వేరొక రీతిగ చెప్పినాడు. ఆయన 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా ప్రారంభించిన మడ్ అను ఆటను తీర్చిదిద్దినవాడు. 1996లో వ్రాసిన వ్యాసమున ఆయన ఆటగాండ్రను నాలుగు తెగలుగా విభజించినాడు. సాధించుటకు వచ్చువారు, క్రొత్తచోట్లు కనుగొనుటకు వచ్చువారు, తోడివారితో కలసిమెలసి ఉండుటకు వచ్చువారు, ఇతరులను పడగొట్టుటకు వచ్చువారు. ఈ నలుగురిని ఒకే లోకమున విడిచినచో, నాలుగవవాని వినోదము తక్కిన ముగ్గురి దుఃఖముగా మారును. వాడు నియమమును మీరకపోవచ్చును. ఐనను అవతలివారు ఆశించి వచ్చినది వేరు.

ఈ చిక్కు ఎంతటిదో అల్టిమా ఆన్‌లైన్ చరిత్ర చూపుచున్నది. 1997లో వెలువడిన ఆ ఆటలో వేలాదిమంది ఒక కల్పిత రాజ్యమున కలసి నివసించెడివారు. కమ్మరిపని చేసికొనువాడు, చేపలు పట్టుకొనువాడు, వర్తకము చేయువాడు అందరును అందుండిరి. పట్టణము పొలిమేర దాటినంతనే పొంచియున్నవారు వారిని చంపి సొత్తు దోచుకొనెడివారు. చేపలు పట్టుటకు వచ్చినవాడు యుద్ధమునకు ఒప్పుకొని రాలేదు గదా! తుదకు 2000లో నిర్మాతలు ఆ రాజ్యమును రెండు చేసినారు. ఒక భాగమున పూర్వమువలె ఎవరైనను ఎవరినైనను చంపవచ్చును. రెండవ భాగమున ఎదుటివాని సమ్మతి లేనిదే దాడి కుదరదు. గమనింపవలసినదేమన, వారు కాఠిన్యమును రూపుమాపలేదు. కోరినవారికి దానిని మిగిల్చి, కోరనివారికి వేరు దారి చూపినారు. ఎరిగి దిగుట అను మొదటి కట్టును మరల కట్టినారు.

భయమే బాణమైనపుడు

ఎరిగి దిగినవారి నడుమ కూడ క్రౌర్యము పెరుగుట కలదు. 2012లో ప్రసిద్ధికి వచ్చిన డేజెడ్ అను ఆటలో తిండి కొరత, మందుల కొరత, ఊరూర పిశాచముల వంటి శవములు. అక్కడ మనిషి మనిషికి తోడ్పడినచో ఇద్దరును బ్రతుకవచ్చును. తోటివానిని చంపుమని ఏ నియమమును ఆజ్ఞాపింపలేదు. ఐనను కనబడినంతనే కాల్చుట అక్కడ ఆచారమైపోయినది. కారణము సుగమమే. ఎదుటివాడు కాల్చునేమోయని ఇతడు శంకించును; ఇతడు శంకించుచున్నాడని అతడు శంకించును. మంచివాడై ఆగినవాడు పడిపోవును. ఒకమారు అట్లు పడినవాడు మరునాడు ఆగడు. ఇట్లు దుర్మార్గుడొక్కడు లేకపోయినను లోకము దుర్మార్గమగును. భయపడిన సజ్జనులు చాలును.

కురుక్షేత్రమున జరిగినదియు ఇదియే. భీష్మపర్వారంభమున ఉభయ పక్షములును కూర్చుండి యుద్ధనియమములు చేసికొన్నవి. రథికుడు రథికునితో, పదాతి పదాతితో పోరవలెను. ఆయుధము జారినవానిని, వెనుదిరిగినవానిని, వేరొకనితో పోరాడుచున్నవానిని కొట్టరాదు. సారథులను, భేరి మ్రోగించువారిని కొట్టరాదు. పదుమూడవనాడు పెక్కురు చుట్టుముట్టి అభిమన్యుని చంపినారు. అటుపిమ్మట ద్రోణుడు ఆయుధము విడిచి కూర్చుండగా పడినాడు. రథచక్రము నేల దిగబడియుండగా కర్ణుడు పడినాడు. గదాయుద్ధమున నాభికి క్రింద కొట్టరాదన్న కట్టుబాటు తప్పి దుర్యోధనుని తొడలు విరిగినవి. ప్రతివాడును వెనుకటి తప్పును చూపి తన తప్పును సమర్థించుకొన్నాడు.

అన్నిటికంటె ఘోరమైనది సౌప్తికపర్వము. అశ్వత్థామ నిద్రించుచున్న శిబిరముపై పడుటకు సిద్ధమైనపుడు, నిదురించువారిని చంపుట ధర్మము కాదని మేనమామ కృపాచార్యుడు వారించినాడు. ధర్మసేతువును పాండవులు ముందే ముక్కలు చేసినారు గదాయని అశ్వత్థామ బదులాడినాడు. ఆ రాత్రి దాడిలో ధృష్టద్యుమ్నుడును, ద్రౌపది అయిదుగురు కొడుకులును హతులైనారు.

ఈ కథకు నేటి ఆటలలో ఆశ్చర్యకరమైన పోలిక కలదు. 2013లో తొలిరూపున వెలువడిన రస్ట్ అను ఆటలో, ఆటగాడు కంప్యూటరు కట్టివేసి నిదురబోయినను, అతని బొమ్మ ఆ లోకమున నిదురించుచు పడియుండును. ఇతరులు రాత్రివేళ గోడ పగులగొట్టి, నిదురించు బొమ్మను చంపి, అతడు దినముల తరబడి కూడబెట్టినది దోచుకొనిపోవచ్చును. ఆట నియమము దీనిని అడ్డగింపదు. ఐనను ఆడువారిలోనే దీనిని గూర్చి వాదములు ఎడతెగవు. ఎదుటివాడు మేలుకొని యున్నపుడే దాడి చేయవలెనని కొందరందురు. మొన్న మా ఇల్లు నిదురలోనే దోచినారు గదాయని కొందరందురు. ఈ రెండవ మాట అశ్వత్థామ మాటయే. నియమగ్రంథము అనుమతించినది అంతయు ధర్మము కాదని, కృపాచార్యుని వంటివాడు ఒకడు ప్రతి జట్టులోను ఉండవలెనని ఈ పోలిక బోధించుచున్నది.

పందెము గిరి దాటినపుడు

రెండవ కట్టు పణమునకు సంబంధించినది. దీనికి పల్నాటి గడ్డకంటె గొప్ప పాఠశాల లేదు. 12వ శతాబ్దిలో గురజాలనేలిన నలగామరాజునకును, మాచర్లనేలిన మలిదేవరాజునకును నడుమ వైరము రగులుచుండెను. నలగామునికి నాయకురాలు నాగమ్మ, మలిదేవునికి బ్రహ్మనాయుడు మంత్రులు. ఆ వైరము కోడిపందెమునకు ఎక్కినది. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెనని పణము. మాచర్లవారు ఓడినారు, నాగమ్మ పక్షము వంచనచే గెలిచినదని వీరగాథ చెప్పుచున్నది. గడువు తీరిన తరువాత తమ రాజ్యము తమకిమ్మని అడుగ వచ్చిన రాయబారి అలరాజు విషప్రయోగమునకు గురియైనాడు. తుదకు నాగులేటి ఒడ్డున కారెంపూడి రణరంగమైనది. బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రుడు మొదలైన వీరులు అక్కడ నేలకొరిగినారు.

ఈ కథలో మూడు కట్టులును వరుసగా తెగినవి. వంచన జరిగినచో ఎరిగి దిగుట లేదు. రాజ్యమే పణమైనచో హద్దు లేదు. గడువు తీరినను రాజ్యమీయనిచో ముగింపు లేదు. ఇంకొక సంగతియు కలదు. గిరిలో నెత్తురు కార్చిన కోళ్ళు ఏ ఒడంబడికకును ఒప్పుకొనలేదు. కారెంపూడిలో పడినవారిలో పెక్కురు ఆ పందెము కాయలేదు. హస్తినాపురపు సభలోను ఇదియే. తన పక్షమున శకుని పాచికలు వేయునని దుర్యోధనుడనగా, ఒకనికి మారుగ వేరొకడు ఆడుట సమంజసము కాదని ధర్మరాజు పలికినాడు. పలికియు కూర్చుండినాడు. తుదకు ఆ సభలో ఆడని ద్రౌపది పణమైనది. తన్ను తాను ఓడినవానికి నన్నొడ్డు హక్కు కలదాయని ఆమె అడిగిన ప్రశ్నకు నిండు సభ ఉత్తరమీయలేకపోయినది. హద్దు దాటిన ఆటలో బాకీ తీర్చువాడు సాధారణముగ ఆటలో కూర్చుండనివాడే.

నేటి జూదగాని ఇంట నగలు కుదువపడిన ఇల్లాలు, చదువు ఆగిన బిడ్డ ఈ ప్రశ్ననే అడుగుచున్నారు. డబ్బు పందెముతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసినది. ఆంధ్రప్రదేశమున ఆన్‌లైన్ రమ్మీ, పోకరులపై 2020లోనే నిషేధము వచ్చియుండెను. చట్టము డబ్బును చూడగలదు. డబ్బు లేని ఆటలో కూడ నిదుర, చదువు, ఇంటిలోని శాంతి పణమగుచుండుట చట్టమునకు కానరాదు. దానిని చూడవలసినది ఆడువాని వివేకము.

కారెంపూడిలో ఏటేట కార్తిక అమావాస్య మొదలు అయిదుదినములు వీరారాధనోత్సవములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని వాని పేర్లు. మందపోరునాడు కులభేదము లేక ఒకే చాపపై కలసి భుజించు చాపకూడు జరుగును. ఆ మరునాడు కోడిపోరు. రాజ్యమును కాల్చిన పందెము ఆనాడు తిరిగి గిరిలోనికి వచ్చి స్మరణగా మిగిలియున్నది. జనులు చూచెదరు, కన్నీరు విడిచెదరు, ఇండ్లకు పోయెదరు. ముగింపు గల వైరమనగా ఇట్టిది.

గోపమంత్రి చూపిన వెలుగు

శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటిని జయించిన తరువాత, ఆ దుర్గమును పాలించినవారిలో తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి ఒకడు. నాదెండ్ల పేరును ఇంటిపేరుగా ధరించిన ఈ పాలకుడు, కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయ నాటకమునకు చంద్రిక యను సంస్కృత వ్యాఖ్య వ్రాసినాడు. ఆ నాటకము కూడ ఒక యుద్ధమే. ఒకవైపు మహామోహుడు రాజు. కామము, క్రోధము, లోభము అతని యోధులు. రెండవవైపు వివేకుడు రాజు. కామమును వస్తువిచారము గెలుచును. క్రోధమును క్షమ గెలుచును. లోభమును సంతోషము గెలుచును.

కోటను కాపాడు పాలకునికి బయటి యుద్ధముతోపాటు లోపలి యుద్ధమును తెలియవలెనని ఈ వ్యాఖ్య సాక్ష్యమిచ్చుచున్నది. కఠినమైన ఆటకు దిగు యువకునికి ఈ ముగ్గురు యోధులే తోడు.

వస్తువిచారమనగా ఎదుటనున్నది యథార్థముగా ఏమియో విచారించుట. ఆటకు దిగుటకు ముందే అడుగవలెను: ఇది ఎట్టి ఆట? ఇందు నేను పోగొట్టుకొనునది ఎంత? ఎదుటివాడును ఇది ఎరిగియే వచ్చినాడా? తెరపై పడినది బొమ్మ. ఆ బొమ్మవెనుక చెవి పెట్టి నీ తిట్టు వినువాడు మాత్రము నీవంటి మనిషి, ఒకవేళ పదేండ్ల బాలుడు. బొమ్మను కొట్టుటకు ఆట అనుమతించినది. మనిషిని అవమానించుటకు అనుమతింపలేదు. ఐస్లాండువారు 2003లో వెలువరించిన ఈవ్ ఆన్‌లైన్ అను ఆటలో, నమ్మించి మోసగించుట కూడ ఆటలో భాగమే. అంతటి కఠినలోకమున సైతము, ఆట వెలుపల నిజమైన మనిషిని బెదిరించుట నిషిద్ధము. కాఠిన్యమునకు పెట్టినిల్లయిన చోట కూడ ఈ గీత ఉన్నదనుట మరువరాదు.

క్షమ యనగా ఓటమిని దిగమ్రింగుకొని పగ పెట్టుకొనుట కాదు. ఒడంబడిక ప్రకారము తగిలిన దెబ్బ దెబ్బ కాదని తెలిసికొనుట క్షమ. ఒడంబడిక తప్పి ఎదుటివాడు కొట్టినచో, తానును తప్పుటకు అది అనుమతిపత్రము కాదు. ఆ ఆటను విడిచి లేచుట, జట్టులో కృపాచార్యుడై వారించుట - ఇవి కూడ వీరుని పనులే. సంతోషమనగా నూరింట ఒకటి గెలుపని ఎరిగి, ఆడినంతలో తృప్తి పడి, వేళకు ముగించుట.

పెద్దలకును ఒక మాట కలదు. బిడ్డ ఆటలో తుపాకి పేల్చుచున్నాడని మాత్రమే భీతిల్లి, వానిని క్రూరుడని ముద్రవేయుట న్యాయము కాదు. తాతలు ఆడిన పులిజూదమున పులి మేకను కనికరింపలేదు. తొండి ఆడుచున్నాడా, తనకంటె చిన్నవానిని ఎరుగనీయక దించి ఏడిపించుచున్నాడా, ఓడిననాడు అన్నము మానుచున్నాడా, ఆట ముగిసినను పగ మోయుచున్నాడా - అడుగవలసిన ప్రశ్నలు ఇవి. వీనికి ఉత్తరము దొరకవలెనన్న కసరుట కంటె ప్రక్కన కూర్చుండి, ఆ ఆట ఏమియో వానిచేతనే చెప్పించుకొనుట మేలు. చెప్పునపుడు వానికే తన ఒడంబడిక తెలియవచ్చును.

గోలీలాడు పసివాండ్రు, చిక్కు వచ్చినపుడు “తూచ్” అని ఒక్కమాటతో ఆటను ఆపుదురు. ఆ మాట విన్నంతనే ఎంతటి గడుసువాడైనను చేయి ఆపును. ఆపనివానిని మరునాడు ఎవరును ఆటకు పిలువరు. క్రీడాధర్మసారమంతయు ఆ చిన్నమాటలో ఇమిడియున్నది. కొట్టుట నేర్చినవాడు ఆటగాడు. ఎప్పుడు చేయి ఆపవలెనో ఎరిగినవాడు ధర్మజ్ఞుడు.